గాజుపలక మీది రాకుమారుడు

"తల పగలగొడతానన్నావా, లేదా?"

"అన్నాను. మా మేనేజరు తల కూడా వారానికోసారి పగలగొడతానంటాను. ఆయన నిక్షేపంలా ఉన్నాడు, కావాలంటే వెళ్ళి చూసి రండి."

చేతులకు బేడీలు పడినా లెటీ వాస్పర్ నోటికి మాత్రం తాళం పడలేదు. పెన్‌రోజ్‌కి ఆ పిల్లని చూస్తే జాలీ వేసింది, ఒళ్ళూ మండింది. జ్యూరీలో కూర్చునే పన్నెండుమంది పెద్దమనుషుల ముందు కూడా ఇలాగే మాట్లాడిందంటే ఇక ఉరితాడు పేనడమే తరువాయి. నాటకశాల వాళ్ళు ప్రైవేటు డిటెక్టివ్ ఎజ్రా పెన్‌రోజ్‌ని పెట్టుకున్నది ఆ తాడు తప్పించడానికే. నాలుగింటికి పోలీసు బండి వస్తుంది. ఈ పిల్లని మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు, అక్కణ్ణించి నేరుగా న్యూగేట్ జైలుకి. ఆ జైలు గేటు దాటిన హంతకుల్లో వెనక్కి వచ్చినవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఇప్పుడు రెండున్నరయింది.

వాళ్ళున్నది హత్య జరిగిన చోటే. డెల్మార్ ఫోటో స్టూడియో, మేడ మీది గాజు కప్పు గది. ఒక గోడకి కోట బొమ్మ గీసిన తెర, దాని ముందు కాగితపు గుజ్జుతో చేసిన బండరాయి. తలలు కదలకుండా వెనకనించి పట్టి ఉంచే ఇనుప స్టాండు ఒక మూల పడి ఉంది. సోమవారం నాలుగింటికి ఫోటో దిగుదామని మెట్లెక్కి వచ్చిన ఒక పాస్టరు దంపతులకి ఆ స్టాండు పక్కనే ఫోటోగ్రాఫరు ఆర్థర్ డెల్మార్ శవం కనిపించింది. తల వెనక ఒకటే దెబ్బ.

"డెల్మార్ మీద ఎందుకమ్మా అంత కోపం?" అన్నాడు పెన్‌రోజ్, ఈసారి గొంతు తగ్గించి.

లెటీ చూపు దించుకుంది. "నా ఫోటోలు నాటకశాల గుమ్మం దగ్గర తప్ప ఇంకెక్కడా అమ్మనని బైబిలు మీద ఒట్టేశాడు. పోయిన నెల మా అమ్మ చర్చికి పోతూ పొగాకు కొట్టు అద్దంలో చూసింది. రెండు చుట్టల పెట్టెల మధ్య కన్నకూతురి కాళ్ళు! ఆమె నాతో మాట్లాడి ఇరవై రోజులైంది. కోపం రాదా మరి? నేనేం రాయినా?"

"అయినా సోమవారం వచ్చి ఆయన ముందే నిలబడ్డావు."

"కొత్త నాటకం కదండీ. శనివారం మొదటి ఆట. ఆ రాత్రికి గుమ్మం దగ్గర ఫోటోలు ఉండాలి. రానంటే నా వేషం ఇంకొకతె కడుతుంది."

ఆమె వేషం రాకుమారుడిది. పాటలూ ఆటలూ కలిసిన ఆ నాటకాల్లో రాకుమారుడిగా ఆడపిల్లే నిలబడాలి, అదే ఆనవాయితీ. పొట్టి జాకెట్టు, బిగుతు మేజోళ్ళు, నడుముకి కత్తి. జనం ఎగబడేది కథ కోసం కాదని మేనేజరుకి తెలుసు, అందుకే మొదటి ఆట దాకా ఆ వేషాన్ని బయటి పురుగు కంటైనా పడనివ్వడు. స్టూడియోకి తెచ్చేది మూట కట్టి, తీసుకెళ్ళేది కోటు కప్పి.

"ఎన్నింటికి వెళ్ళిపోయావు?"

"ఫోటో తీయగానే, సరిగ్గా ఇదే వేళకి. రెండున్నర. రిహార్సలు పావుతక్కువ మూడింటికి మొదలు. పక్క వీధేగా, వేషం మార్చకుండా పైన మా వేషాలు కుట్టే మిసెస్ బ్రెంట్ గారి వానకోటు వేసుకుని, గొంతు దాకా బొత్తాలు పెట్టుకుని పరిగెత్తాను. ఆ మేజోళ్ళతో వీధిలో కనబడితే లండన్ కుర్రకారంతా నా వెనక ఊరేగింపు కట్టదూ! ఆరింటి దాకా స్టేజి దిగలేదు. ముప్ఫైమంది చూశారు."

"బాగుంది, బాగుంది," అన్నాడు గుమ్మం దగ్గరనించి ఇన్‌స్పెక్టరు హోరేస్ క్రిమండ్. "రెండున్నరకి ముందే చంపి వెళ్ళిందనేగా నేనంటున్నదీ!"

క్రిమండూ పెన్‌రోజూ ఒకప్పుడు ఒకే వీధిలో గస్తీ తిరిగిన కానిస్టేబుళ్ళు. ఒకడు మెట్లెక్కి ఇన్‌స్పెక్టరయ్యాడు, రెండోవాడు పైవాళ్ళతో పడక ఉద్యోగం వదిలి బయటికొచ్చాడు. కలిసినప్పుడల్లా ఇద్దరికీ ఉప్పూ నిప్పే. అలాగని క్రిమండ్ లంచాల మనిషి కాడు, సోమరి కాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనడం ఒక్కటే అతని జబ్బు. ఆ వేళ మాత్రం చేతిలోని తోలుసంచి కింద పెట్టకుండా, ముళ్ళ మీద నిలబడ్డవాడిలా ఉన్నాడు.

"ఆ వేషం బయటివాడెవడూ చూడలేదని మీరే అంటున్నారు," అన్నాడు క్రిమండ్. "మరి కింద పటాలు కట్టే స్నెల్ ఎలా చూశాడు? మెట్ల మీద ఈ పిల్ల కోటు లేకుండా పరిగెడుతుంటే చూశాడు. జాకెట్టు, మేజోళ్ళు, కత్తి అన్నీ పూసగుచ్చినట్టు చెప్పాడు. కోటు కథ అబద్ధమైతే మిగిలినదీ అబద్ధమే. దీనికి సమాధానం చెప్పు పెన్‌రోజ్, నేను టోపీ తీసి దండం పెడతా."

పెన్‌రోజ్ పక్కనున్న, ఫోటోలు కడిగే చీకటిగదిలోకి నడిచాడు. క్రిమండ్ వెంట వచ్చాడు.

పేరుకి చీకటిగదే కాని, అందులో ఒక చిన్న కిటికీ ఉంది. దానికి ముదురు పసుపు గాజు బిగించారు. గదంతా పసుపు నీళ్ళలో ముంచి తీసినట్టుంది. మందు వాసన ఇంకా ముక్కుకి తగులుతోంది. బల్ల మీద సీసాలు, కడిగే తొట్టి, మందు పూసి ఫోటో తీసే గాజుపలకలు ఆరబెట్టే చెక్క స్టాండు. అందులో పొద్దుటి పలకలు నాలుగు నిలబడి ఉన్నాయి, ఎవరో టోపీల ఆడవాళ్ళవి. పక్కనే స్పిరిటు దీపం వత్తి నల్లగా మాడి ఉంది. బొమ్మ గీసుకుపోకుండా పలక మీద పోసే వార్నిష్ సీసాకి బిరడా లేదు, మూతి చుట్టూ ఎండిన చారలు.

అతను నాలుగు పలకల్నీ ఒక్కొక్కటిగా వెలుతురుకి పట్టి చూశాడు. దేనికీ వార్నిష్ లేదు.

"క్రిమండ్, సీసా తెరిచి, దీపం వెలిగించి డెల్మార్ ఒక పలకకి వార్నిష్ పోశాడు. ఆ పలకేది?"

"నాకేం తెలుసు? గొడవలో పగిలి ఉంటుంది."

"పెంకులేవి?"

"ఊడ్చేసి ఉంటారు."

"ఎవరు? శవమా?"

క్రిమండ్ మొహం గంటు పెట్టుకున్నాడు. "నీకిచ్చింది ఒక గంట. వాదనకి కాదు, చూసుకోడానికి."

అతను వెళ్ళిపోయినా పెన్‌రోజ్ అక్కడే నిలబడ్డాడు. ఆ కిటికీ అతన్ని కదలనివ్వలేదు. వెలుతురు ఇసుమంత తగిలినా పాడైపోయే మందు కదా, మరి ఈ గదిలో ఇంత వెలుతురు ఎందుకుంచుకున్నాడు డెల్మార్? ఎందుకంటే ఇది పసుపు వెలుతురు. ఆ మందుకి పసుపు కనబడదు. మనిషి కంటికి ఎండలా ఉన్నది దానికి అమావాస్య చీకటి. నీలం సంగతి ఇందుకు విరుద్ధం, అది దాని కంటికి పాలలా తెల్లన. పోలీసులో ఉన్న రోజుల్లో జైలు ఫోటో పట్టుకుని, ఒక దొంగ కోసం స్టేషను స్టేషనంతా వారం రోజులు నల్లజుట్టువాళ్ళని గాలించింది. తీరా దొరికితే వాడి జుట్టు క్యారెట్టు రంగు. అప్పుడు అందరూ పగలబడి నవ్వుకున్నారు. ఫోటో అబద్ధం చెప్పదంటారు. చెప్పదు నిజమే, తనకి కనబడిందే చెబుతుంది. దానికి కనబడనివి కూడా ఉంటాయని మనమే మరిచిపోతాం.

అతను గబగబా బయటికొచ్చాడు.

గది బయట మిసెస్ బ్రెంట్ మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నాటకశాలలో వేషాలు కుట్టేదీ కట్టేదీ ఆవిడే. పెన్‌రోజ్ పొద్దున్నే ఆవిడకి కబురు పెట్టి, సోమవారం నాటి వేషాన్ని తెమ్మన్నాడు. ఇప్పుడు వంగి ఆవిడ చెవిలో ఏదో అడిగాడు. ఆవిడ అతని చెవిలో జవాబు చెప్పింది.

"నేను చెప్పేదాకా ముడి విప్పకండి. ప్రాణం పోయినా సరే," అన్నాడు.

"పోయేది నా ప్రాణం కాదు బాబూ, ఆ పిల్లది," అంది ఆవిడ, మూటని ఇంకాస్త దగ్గరికి లాక్కుంటూ.

స్నెల్‌ని మేడ మీదికి తేవడానికి కానిస్టేబుల్‌కి తాతలు దిగొచ్చారు. ముసలాయన రెండు చేతులా మెట్ల కమ్మీలు పట్టుకుని, మెట్టుకొక దేవుణ్ణి తలుచుకుంటూ వచ్చి, కాగితపు బండ మీద కూలబడబోయాడు. అది రాయి కాదని లెటీ అరిచింది. అతనికి కుర్చీ వేశారు.

"స్నెల్ గారూ, మీరు చూసింది ఇంకోసారి చెప్పండి. జాకెట్టు ఏ రంగు?"

"నలుపండీ. బొగ్గులా నిగనిగలాడింది."

"మేజోళ్ళు?"

"తెలుపు. మల్లెపూవులా."

"మెట్ల మీద చీకటి కదా, పొరపాటు పడలేదుగా?"

"లేదండీ, ప్రమాణం చేశాను. బాగా చూశాను."

"కత్తి ఏ పక్క?"

ముసలాయన కళ్ళు మూసుకున్నాడు, గుర్తు తెచ్చుకునేవాడిలా. "కుడి పక్క. కుడి తుంటి మీద."

లెటీ నోరు తెరిచింది. పెన్‌రోజ్ వేలితో ఆపాడు. "ఇప్పుడు విప్పండి మిసెస్ బ్రెంట్."

మూట విప్పగానే గాజు కప్పులోంచి పడే వెలుతురంతా ఆ పట్టు మీదే వాలినట్టయింది. జాకెట్టు పసుపు ముద్దలా మెరిసిపోతోంది. మేజోళ్ళు లేత నీలం, తెరిపి ఇచ్చిన ఆకాశం రంగు.

స్నెల్ నోరు తెరుచుకునే ఉంది. అందరికంటే ముందు తేరుకున్నది క్రిమండ్.

"మార్చేశారు! నాటకాలవాళ్ళ బుద్ధి పోనిచ్చుకున్నారు కాదు! రాత్రికి రాత్రి కొత్తది కుట్టి..."

"నాకేం పది చేతులున్నాయనుకున్నావా నాయనా?" మిసెస్ బ్రెంట్ జాకెట్టు తిరగేసి అతని ముక్కు కిందికి తోసింది. "చూడు. చంకల్లో నెల్లాళ్ళ రిహార్సళ్ళ చెమట. ఇది కూడా రాత్రికి రాత్రే పట్టించానా? వాసన చూడు, మొహమాటపడకు!"

"వద్దు పిన్నీ, ఆ కాస్త మర్యాద కూడా పోతుంది నాకు," అంది లెటీ. నవ్వబోయి మొహం పక్కకి తిప్పుకుంది.

పెన్‌రోజ్ మెల్లగా అన్నాడు. "ఈ వేషాన్ని కంటితో చూసినవాడు పసుపూ నీలమూ అంటాడు. నలుపూ తెలుపూ అనేది ఎవరో తెలుసా? ఫోటో చూసినవాడు. ఫోటో మందుకి పసుపు నల్లగా పడుతుంది, నీలం తెల్లగా పడుతుంది. స్నెల్ గారు లెటీని చూడలేదు. లెటీ బొమ్మని చూశారు."

"ఫోటో ఎక్కడిది?" క్రిమండ్ సంచి ఈ చేతినించి ఆ చేతికి మార్చుకున్నాడు. "కాగితం మీద అచ్చు తీయడానికి ముందే చచ్చిపోయాడుగా."

"అందుకే కత్తి ఏ పక్కని అడిగాను. ఈ పిల్ల కుడిచేతి వాటం, కత్తి కట్టేది ఎడమ తుంటికి. కాగితం మీద అచ్చు తీస్తే అది ఎడమకే పడుతుంది. మందు పూసిన వైపునించి గాజుపలకని చూస్తే మాత్రం అద్దంలో చూసినట్టు తారుమారు. వెనక ఏదైనా నల్లగుడ్డ పట్టామంటే నలుపు తెలుపులు కాగితం మీద పడ్డట్టే బొమ్మ నిండుగా కనబడుతుంది." అతను స్నెల్ వైపు తిరిగాడు. "లెటీ పలక సోమవారం ఈ గదిలోనే తయారయింది. ఇప్పుడు లేదు. దాన్ని చూశారంటే ఆ వేళప్పుడు మీరు పైకొచ్చారన్నమాట. డెల్మార్‌తో మీకేం తగువు స్నెల్ గారూ?"

ముసలాయన కుర్చీలోంచి లేవబోయి మళ్ళీ కూలబడ్డాడు.

"నేనా? బాబోయ్! ఈ మెట్లెక్కి రెండేళ్ళయిందండీ! ఈవేళ నన్ను గుంజుకొచ్చింది మీరు చూడలేదా? నేను పలక దగ్గరికి రాలేదు, పలకే నా దగ్గరికొచ్చింది!" కళ్ళ నీళ్ళు పెట్టుకుని వేలు చాపాడు. "ఆయన తెచ్చాడు! ఆ ఇన్‌స్పెక్టరు గారే! తన నల్లకోటు మీద ఆనించి, చూడు స్నెల్, ఈ మనిషే కదూ మెట్లు దిగింది, బాగా చూడు, అన్నాడు. అడుగుల చప్పుడు విన్నానయ్యా, మనిషిని చూడలేదన్నాను. చప్పుడు విన్నవాడివి చూసే ఉంటావు, గుర్తు తెచ్చుకో అన్నాడు. పోలీసు వాళ్ళు అంత గట్టిగా చెబుతుంటే చూశాననే అనిపించిందండీ నాకు!"

పెన్‌రోజ్ క్రిమండ్ వైపు చూశాడు. హంతకుడెవరో తెలిసిపోతుందని ఎదురుచూసినవాడికి ఇది ఎదురైంది. సంతోషం కలగలేదు సరికదా, ఒకప్పుడు ఒకే రొట్టె తుంచుకుని తిన్న మనిషిని ఇలా చూడాల్సివచ్చినందుకు మనసు చివుక్కుమంది.

క్రిమండ్ తోలుసంచి తెరిచి, చేతిరుమాల్లో చుట్టిన అరచేతంత గాజుపలక బయటికి తీశాడు.

"కెనింగ్టన్ కేసు నీకు గుర్తుందిగా," అన్నాడు. "చంపింది వాడేనని నాకు తెలుసు. సాక్షి లేడని వదిలేశారు. రెండు నెలలు తిరక్కుండా ఇంకో ఆడమనిషిని చంపాడు. ఆ శవం దగ్గర నిలబడ్డప్పుడు అనుకున్నా, ఇంకెప్పుడూ సాక్షి లేక కేసు పోనివ్వనని. ఈ పిల్లే చంపిందని నేను నమ్మాను పెన్‌రోజ్. ఒట్టు. నమ్మిందానికి కాస్త సాయం పట్టాను, అంతే అనుకున్నాను."

"పలక దాచడం దేనికి?"

"స్నెల్‌కి చూపించానని బయటపడుతుందని. స్టేషన్లో పెడితే కుర్రాళ్ళు చూస్తారు, ఇంట్లో పెడితే మా ఆవిడ చూస్తుంది. పగలగొడదామని రోజూ అనుకున్నా. చెయ్యి రాలేదు."

పెన్‌రోజ్ ఒక అడుగు ముందుకేసి ఆగిపోయాడు. క్రిమండ్ చేతిలో పలక వాలుగా ఉంది, కప్పులోంచి పడే వెలుతురు దాని మీద అంచు నించి అంచు దాకా జారింది. ఒకే నునుపు, ఒకే మెరుపు.

"క్రిమండ్," అన్నాడు, ఊపిరి బిగబట్టి. "దానికి వార్నిష్ ఉంది."

"ఉంటే?"

"కడిగిన పలక తడారాలి. తడారాక దీపం సెగ చూపించాలి. అప్పుడుగాని వార్నిష్ పోయరు. ఎంత తొందరపడ్డా అరగంట పని. రెండున్నరకి ఈ పిల్ల వెళ్ళిపోయాక, మూడింటికి డెల్మార్ బతికే ఉన్నాడు. ఆ చీకటిగది బల్ల దగ్గర నిలబడి ఆ పలకకి వార్నిష్ పోశాడు. అప్పటికి లెటీ ముప్ఫైమంది కళ్ళ ముందు స్టేజి మీద ఉంది. ఆమెని నిర్దోషి అని చెప్పగలిగింది ఈ లోకంలో ఆ గాజు ముక్క ఒక్కటే. మూడు రోజులుగా దాన్ని నీ సంచిలో వేసుకుని తిరుగుతున్నావు."

లెటీ బేడీల చేతులతో నోరు మూసుకుంది.

క్రిమండ్ పలకకేసి చూశాడు. తర్వాత నేలకేసి చూశాడు. నేలంతా రాతి పలకలు. పెన్‌రోజ్‌కి అతని మనసు తెరిచిన పుస్తకంలా కనిపించింది. ఆ గాజు కోర్టుకి వెళితే ఇరవై రెండేళ్ళ ఉద్యోగం, పెన్షను, పరువు అన్నీ పోతాయి. జైలు కూడా తప్పదు. వేళ్ళు కాస్త వదులైతే చాలు, చేయి జారిందంటే ఎవరు కాదంటారు? నాటకాలవాళ్ళ మాట, డబ్బుకి పనిచేసే డిటెక్టివ్ మాట, దొంగ సాక్ష్యం చెప్పానని ఒప్పుకున్న ముసలాడి మాట. మేజిస్ట్రేటు ముందు ఏదీ నిలవదు. మీద పడి లాక్కుందామంటే ఆ పెనుగులాటలోనే అది పగిలిపోతుంది. పెన్‌రోజ్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. జీవితంలో అంత కష్టమైన పని అతనెప్పుడూ చెయ్యలేదు.

స్నెల్ ముక్కు చీదుకుంటూ గొణిగాడు. "నేను మొదటి రోజే చెప్పానయ్యా మీకు. మూడు గంటలు కొట్టాక కూడా పైన డెల్మార్ గారు ఈల వేస్తున్నారని. అది అవసరం లేదు, రాయక్కర్లేదన్నారు మీరు."

క్రిమండ్ ఉలిక్కిపడ్డాడు. అతని పెదవులు కదిలాయి. "అన్నాను," అన్నాడు. "చెప్పాడు. అవును, నాతో చెప్పాడు."

పలక పట్టిన అతని చెయ్యి కిందికి వాలింది. మిసెస్ బ్రెంట్ ఎప్పుడు లేచిందో ఎవరూ చూడలేదు. అతని ఎదురుగా వచ్చి, నడుముకి కట్టిన తెల్లటి ఏప్రన్ రెండు కొసలూ పట్టుకుని, ఆ చేతి కింద జోలెలా చాపింది. బతిమాలలేదు, తిట్టలేదు.

"నీకూ ఆడపిల్లలున్నారా నాయనా?" అంది.

"ఒక్కతే," అన్నాడు క్రిమండ్, వంగి పలకని ఆ ఏప్రన్‌లో పెట్టాడు. అతని వేళ్ళు దాన్ని వదలడానికి కాస్త సమయం తీసుకున్నాయి.

మిసెస్ బ్రెంట్ కొసలు మడిచి, పసిపిల్లని పట్టుకున్నట్టు పొట్టకి అదుముకుంది. లెటీ ఇప్పుడు ఏడుస్తోంది, నాటకాల్లో ఏడ్చినట్టు కాదు, ముక్కు కారుతూ, వెక్కుతూ.

"మూడింటికి బతికే ఉన్నాడంటే," క్రిమండ్ తనలో తాను అన్నట్టు అన్నాడు, "చంపినవాడు ఈ మూడు రోజులూ నా ముందే తిరుగుతున్నాడు. నేను వెతకనైనా లేదు."

"వాణ్ణి నేను వెతుకుతాలే," అన్నాడు పెన్‌రోజ్.

కింద వీధిలో గుర్రపు డెక్కలు ఆగాయి. బరువైన తలుపు గొళ్ళెం తీసిన చప్పుడు వినిపించింది. కానిస్టేబుల్ లోపలికి తొంగి చూసి, "బండి వచ్చిందండీ, ముద్దాయిని దించమంటారా?" అని అడిగాడు.

క్రిమండ్ జేబులోంచి తాళంచెవి తీసి లెటీ బేడీలు విప్పాడు. వాటిని ఒకసారి చేతిలో తూచినట్టు చూసి, కానిస్టేబుల్‌కి అందించాడు. తర్వాత టోపీ సర్దుకుని మెట్ల వైపు నడిచాడు.

"నువ్వు ముందు నడవవోయ్," అన్నాడు కానిస్టేబుల్‌తో. "మేజిస్ట్రేటు గారు ఎదురుచూస్తుంటారు. బండి ఖాళీగా పంపడం దేనికి?"